వ్యతిరేకి వంతు

రోహిణి కార్తె

మా ఊరి సంగతుల ఈ లాగ్ రాయడానికి నన్ను ఓటేసి ఎన్నుకున్నారు. మా కొత్తముంపులో ఈ మధ్య తుమ్మాలన్నా ఓటే. "నీకు నోరెక్కువ కదా సుంకులూ, రాత గూడా ఎక్కువే ఉంటాదిలే" అన్నాడు మా సభాపతి మద్దిలేటి మామ. పదకొండు దేశాలవాళ్ళు చదువుతారట. చదువుకోండి, నాకేం సిగ్గు లేదు. నెలలూ తేదీలూ మీవి మీరు వేసుకోండి, నాకు కార్తెలే తెలుసు.

పొద్దున్నే వాకిలి ఊడిస్తే చీపురుకు చేపముళ్ళు, గుల్లలు తగులుతాయి. మేముండేది డ్యామ్ కడుపులో. యుద్ధంలో డ్యామ్ పగిలింది. ఎగువవాళ్ళు పగలగొట్టారని దిగువవాళ్ళూ, దిగువవాళ్ళే పగలగొట్టుకున్నారని ఎగువవాళ్ళూ ఇప్పటికీ అంటారు. నీళ్ళు సముద్రానికి పోయాయి. రెండు పక్కలా ఇళ్ళు కాలినవాళ్ళం వచ్చి ఈ ఎండిన బురద మీద పాకలు వేసుకున్నాం. నీళ్ళ కోసం తలలు నరుక్కున్నవాళ్ళం, చుక్క నీళ్ళు లేని చోట ఇరుగుపొరుగులమయ్యాం.

తాగే నీళ్ళు ఆ పదకొండు దేశాల సహకార మిషన్ ఇస్తుంది. గట్టు మీద వాళ్ళ యంత్రం గాలిని పిండి నీళ్ళు తీస్తుంది. కింద కుళాయి ఉంది. మణికట్టుకున్న పట్టీ చూపిస్తే పేరు పలికి మన వంతు వదులుతుంది. ధార మొదలయ్యాక బిందె పక్కకు జరిగితే ఆ రోజుకు మూసుకుంటుంది. అందుకే ఎవరు పిలిచినా, కాలి మీద తేలు పాకినా, బిందె నిండేదాకా అక్కడి నుంచి కదలం.

ఎన్ని నీళ్ళు వదలాలో మిషన్ వాళ్ళ ఇంకో యంత్రం, ధర్మకాటా, చెబుతుంది. దాని అసలు పేరు మూరెడు పొడుగుంటుంది. లారీలను తూచినట్టు మమ్మల్ని తూస్తుంది కాబట్టి మేం పెట్టుకున్న పేరిది. సభ మధ్యలో ముక్కాలిపీట మీద కూర్చుని, ఎందరు వచ్చారు, ఎవరు మాట్లాడారు, ఎవరు ఎవరికి అడ్డు చెప్పారు, అన్నీ వింటుంది. ప్రజాస్వామ్యం బాగుంటే మార్కులు, మార్కులుంటే నీళ్ళు. మహిళా సంఘం, యువజన సంఘం, నిఘా సంఘం కూడా ఉండాలన్నారు. మూడింటిలోనూ మేమే. కండువాలు మార్చుకుని కూర్చుంటాం.

సభలో అందరూ ఒకే మాట మీద ఉంటే మాత్రం దానికి అనుమానం. భయపెట్టి ఒప్పించారేమోనని ఆ ఓటింగు కొట్టేస్తుంది. అందుకని వెనకటి కాలవ నీళ్ళకు వంతులు పెట్టుకున్నట్టే దీనికీ వంతు పెట్టుకున్నాం. వ్యతిరేకి వంతు. వంతు ఉన్నవాళ్ళు ప్రతిదానికీ అడ్డం మాట్లాడాలి, మాట్లాడినట్టే ఓటు కూడా వెయ్యాలి. లేకపోతే నటన అని పట్టేస్తుంది. ఈ రోహిణి నుంచి హస్త దాకా ఆ వంతు నాది. "జన్మంతా చేస్తాండేదే కదా, ఇప్పుడు మార్కులు గూడా వస్తాయి" అంది మా అత్త ఈరమ్మ.

మృగశిర కార్తె

వాన లేదు. కుళాయి ధార సన్నబడింది.

మా సభలో ఒక అలవాటుంది. మొదట పేర్లు పిలుస్తారు. మనిషి ఉంటే "ఉండా" అంటాడు. యుద్ధానికి పోయి తిరిగి రానివాడి పేరు పిలిస్తే, వాడి కోసం పరిచిన చాప పక్కన కూర్చుని ఇంటివాళ్ళు "వస్తాండాడు" అనాలి. అలా పలకకపోతే పోయినవాడు దారి మరిచిపోతాడని, శిబిరంలో ఉన్నప్పుడు ఎవరో అవ్వ మొదలుపెట్టింది. మా ఇంటి చాప నా మొగుడు ఓబులేసుది. పక్క చాప దస్తగిరన్న కొడుకు ఖాసీంది. ఎగువవాళ్ళకూ దిగువవాళ్ళకూ ఈ ఒక్క విషయంలోనే తేడా లేదు, ఇంటింటికీ ఓ చాప ఉంది.

మిషన్ వాళ్ళు మొదటిసారి సభ్యుల పేర్లు ఎక్కించుకున్న రోజు కూడా మేం అలాగే పలికాం. మాకు తప్పనిపించలేదు. ఇంటికి వస్తున్నవాడు ఇంటివాడు కాకుండా పోతాడా? ధర్మకాటా వాళ్ళందరినీ సభ్యులుగా ఎక్కించుకుంది. ఇప్పుడు కొత్తగా హాజరు లెక్క మొదలైంది. చాపలన్నీ గైరుహాజరు కింద పడ్డాయి. సభకు రాని బద్ధకస్తుల ఊరని మార్కులు కోసింది.

మిషన్ తరఫున వచ్చే పిల్ల పేరు మారిట్. చలిదేశం మనిషి, పాపం మా ఎండకు టమాటాలా ఎర్రబడుతుంది. సంగటి చేత్తోనే తింటుంది. వాళ్ళ అవ్వ కాలంలో వాళ్ళ దేశం కూడా మాలాగే కాలిందట, పరాయివాళ్ళు వచ్చి నిలబెట్టారట. ఆ రుణం తీర్చుకోవడానికే వచ్చానంటుంది. మంచిపిల్ల. గొంతుకు అంటించుకున్న పట్టీ మాత్రం ఆమె మాటను పాతకాలం రేడియో తెలుగులోకి మార్చి వదులుతుంది.

"మాన్య పౌరులారా, అనుపస్థితి ప్రజాస్వామ్యమునకు క్షయవ్యాధి వంటిది" అంది పట్టీ.

"ఏమంటాంది?" అన్నాడు మద్దిలేటి మామ.

"రాకపోతే నీళ్ళు లేవంటాంది" అన్నాను.

"వస్తాండారని చెప్పు."

చెప్పాను. మారిట్ తన పలక తిప్పి చూపించింది. అందులో రెండే గళ్ళున్నాయి. జీవించి ఉన్నవారు, మృతులు. వస్తున్నవారు అనే గడి లేదు. ఎవరిని ఏ గడిలో పెట్టాలో నిర్ణయించే హక్కు సభదేననీ, ఆ హక్కును పదకొండు దేశాలు కూడా కాదనలేవనీ చెప్పింది. చెప్పేటప్పుడు ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత పెద్ద హక్కు మాకు దొరికిందని సంతోషం.

ఆరుద్ర కార్తె

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. కురవలేదు.

నా కూతురు నీలకు తొమ్మిదేళ్ళు. మూడు రోజులుగా జ్వరం, వాంతులు. నాలుక పిడచగట్టుకుపోయింది. తడిగుడ్డ నోట్లో పెడితే దాన్ని చీకింది. నేను నా వంతు దానికే పోసి, గుక్కెడు నోట్లో పోసుకుని పుక్కిలించి మింగి సరిపెట్టుకున్నాను. ఈరమ్మత్త రెండు రోజులు దాని పక్కనే కూర్చుంది. కూర్చుని తన కొడుకు చాప వైపు చూసింది.

సభ పెట్టారు. తిరిగి రానివాళ్ళందరినీ మృతులుగా తీర్మానించాలా వద్దా. వ్యతిరేకిగా మాట్లాడాల్సింది నేను.

లేచి నిలబడ్డాను. నా మొగుడు చావలేదన్నాను. చస్తే నాకు తెలుస్తుందన్నాను. చెయ్యెత్తి చంపడానికి వాళ్ళేమన్నా మనం వేసుకున్న పాకలా, పీకి పారెయ్యడానికి అన్నాను. దస్తగిరన్నా, నీ ఖాసీం చిన్నప్పుడు నీ వీపు మీద నిద్రపోయేవాడే, వాడు మూటలా బరువెక్కితే లేపకుండా ఊరంతా మోసేవాడివే, ఇప్పుడు దించేస్తావా అన్నాను. ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. సభంతా ఏడ్చింది.

తర్వాత చేతులు ఎత్తారు. అన్నీ లేచాయి, నాది తప్ప. ఈరమ్మత్త చెయ్యి ఎత్తడానికి ఎడమచేత్తో కుడిమోచేతిని పట్టుకుని లేపాల్సి వచ్చింది. నా వైపు చూడలేదు.

మారిట్ లేచి చప్పట్లు కొట్టింది. ఇంత లోతైన చర్చ తాను ఏ దేశంలోనూ చూడలేదంది. ధర్మకాటా ఇప్పటిదాకా మాకు రానన్ని మార్కులు వేసింది.

"ఏం మాట్లాడినావు సుంకులూ! నిజం మాదిరే ఉండె" అన్నాడు మద్దిలేటి మామ.

"నిజమే మామా."

"అదే, అట్లనే ఉండె."

సాయంత్రం కుళాయి ధార లావుగా వచ్చింది. నీల కడుపునిండా తాగి నిద్రపోయింది. నేనూ తాగాను. తియ్యగా ఉన్నాయి. ఏం చెయ్యను, తియ్యగానే ఉన్నాయి.

పునర్వసు కార్తె

నీల లేచి తిరుగుతోంది. చాపలన్నీ చుట్టేశారు. సభ ఇప్పుడు విశాలంగా ఉంది, కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు.

మృతుల కుటుంబాలకు మిషన్ నుంచి సబ్బులు, తువాళ్ళు వచ్చాయి. నా గాజులు తియ్యాలా వద్దా అని మహిళా సంఘం వాళ్ళు మా అత్తనే అడిగారు. "ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడతా. నా కొడుకు నీళ్ళకోసం సచ్చినాడు, నిజంగా కాదు" అంది. చాపను మాత్రం తాడుతో కట్టి అటక మీద పెట్టింది. దస్తగిరన్న ఖాసీం పేరు మీద ఫాతెహా చదివించాడు. చదివించిన రోజు నుంచి మాతో మాటలు తగ్గించాడు.

ఆశ్లేష కార్తె

ఓబులేసు వచ్చాడు.

కుళాయి దగ్గర వరసలో ఉన్నాను. ఎవరో వెనక నుంచి "ఏమే, ఇంత సన్నగైతివి?" అన్నారు. తిరిగి చూస్తే వాడే. ఎడమచెవి సగం లేదు. గడ్డం తెల్లబడింది. నవ్వు మాత్రం పాత నవ్వే. బిందె కింద పడేసి మీద పడ్డాను. గుద్దాను కూడా. వరసలో ఉన్నవాళ్ళంతా గోల గోల. ఈరమ్మత్త పరుగెత్తుకొచ్చి కొడుకు మొహమంతా చేతులతో తడిమింది. నీల మాత్రం నా వెనక దాక్కుంది. అది నడక నేర్చినప్పుడు పోయినవాడు మరి.

అవతలి పక్క రాళ్ళ క్వారీలో ఖైదీగా పెట్టారట. ఖైదీల మార్పిడిలో విడిపించారు. విడిపించింది ఎవరనుకున్నారు? ఈ పదకొండు దేశాల మిషనే. ఇంకో ఆఫీసు. మణికట్టుకు పట్టీ కూడా వాళ్ళే కట్టి పంపారు.

"దాహమైతాంది" అని ఆ మణికట్టు కుళాయికి చూపించాడు.

"ఓబులేసు. మృతుడు. మా ప్రగాఢ సంతాపం" అంది కుళాయి.

వాడు పడీపడీ నవ్వాడు. "ఎప్పుడు సచ్చినానే?"

"ఆరుద్రలో" అన్నాను. అప్పుడు నేనూ నవ్వాను.

మారిట్ వచ్చి వాణ్ణి కావలించుకుంది. తర్వాత పలక చూసింది. చూసిన కొద్దీ మొహం పాలిపోయింది. సభ నిర్ణయాన్ని సభే మార్చాలి, మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అంతవరకు పరవాలేదు. కానీ తీర్మానంలో ఒక్క పేరు తప్పని తేలితే తీర్మానం మొత్తం కొట్టుకుపోతుంది. అందరి పేర్లూ మళ్ళీ సభ్యుల్లోకి ఎక్కుతాయి. ఒక్కొక్కరి సంగతీ విచారించి తేల్చేదాకా హాజరు లెక్క పాతదే. అంటే నీళ్ళు మళ్ళీ ఆరుద్ర నీళ్ళే.

"మీ ఆఫీసోళ్ళే విడిపించినారు కదమ్మా, నువ్వే రాసెయ్ బతికినాడని" అంది మా అత్త.

"స్థానిక ప్రజల నిర్ణయమే సర్వోన్నతము. దానిని తుడిచివేయు అధికారము నాకు లేదు" అంది పట్టీ. మారిట్ పెదవులు వణుకుతున్నాయి. పట్టీ గొంతు మాత్రం వణకలేదు.

మఖ కార్తె

మఖా పుబ్బా వరపైతే మహా క్షామం అంటారు. ఆకాశం తుడిచిన పళ్ళెంలా ఉంది.

మొదట్లో ఇంటింటి నుంచీ ఓబులేసుకు గ్లాసెడు నీళ్ళు వచ్చాయి. తర్వాత అరగ్లాసు. తర్వాత ఆదివారం ఆదివారం. ఇప్పుడు మా ముగ్గురి వంతు నలుగురం తాగుతున్నాం.

వాణ్ణి బతికించే సభ ఈ కార్తెలోనే పెట్టారు. ముందురోజు మద్దిలేటి మామ, ఇంకో నలుగురు పెద్దలు ఇంటికి వచ్చారు. చిక్కేమిటంటే, ఈ ఓటుకు కూడా వ్యతిరేకి కావాలి. అందరూ ఓబులేసు పక్కనే ఉంటే ధర్మకాటా కొట్టేస్తుంది.

"వంతు నాది కదా మామా, నా మొగుడి మీద నేనెట్ల మాట్లాడాల? ఇంగెవురినన్నా పెట్టండి" అన్నాను.

"అడిగినామమ్మా. ఎవురూ ఒప్పుకోలేదు. ఇంటి ముందరికొచ్చిన మనిషిని సచ్చిపొమ్మని ఎట్లంటాం, రేపు మొగమెట్ల చూపిస్తాం అన్నారు. నువ్వైతే ఇంటి మనిషివి. నువ్వేమన్నా ఎవురికీ నొప్పుండదు."

ఆ మాట నాకు మర్యాదగానే తోచింది. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా అనిపించింది. నా మొగుడి మీద పుల్లవిరుపు మాట అనడానికి ఊళ్ళో ఒక్కరికీ మనసు రాలేదు, చూశావా అనుకున్నాను. ఓబులేసు కూడా, "మాట్లాడు. నీ నోరు విని ఏళ్ళయింది" అన్నాడు.

సభలోకి మృతులు రాకూడదు కాబట్టి వాడు సభ చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డాడు. నేను లేచాను. తేలిగ్గా మాట్లాడితే నటన అంటుందని భయం. అందుకని గట్టిగానే మొదలుపెట్టాను.

అయ్యా, ఈయనొక్కడు లేస్తే చాపలన్నీ లేస్తాయి అన్నాను. నా బిడ్డ తడిగుడ్డ చీకిన రోజు మరిచిపోయారా అన్నాను. రేపు మీ బిడ్డలు చీకుతారు. మఖ ఎండిపోతోంది, పుబ్బ వానా వచ్చేట్టు లేదు. ఒక్క మనిషి దప్పిక పెద్దదా, ఊరి దప్పిక పెద్దదా? పోయినోడు పోయినట్టుంటే ఏడ్చి ఊరుకుంటాం, సగం చెవితో తిరిగొచ్చి నీళ్ళడిగితే ఎక్కడి నుంచి తెస్తాం? ఇక్కడ తాడు అవతల ఓబులేసు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఊపొచ్చింది. మాట మీద మాట దొర్లుకుంటూ వచ్చింది. చివరికి, మీ బిడ్డల్ని మీరు గుండె రాయి చేసుకుని తుడిచేశారే, నా ఇంటికి మాత్రం ఎందుకీ దయ అని కూడా అన్నాను.

సభలో ఎవరూ నవ్వలేదు. అప్పుడైనా నాకు తెలియాల్సింది.

ఈసారి చేతులెత్తడం కాదు, గుట్టుగా వేసే ఓటు. అది ఇంకా గొప్ప ప్రజాస్వామ్యమట. ఒక్కొక్కరే తెర వెనక్కి పోయి, పలక మీద అవును దగ్గరో కాదు దగ్గరో అరచెయ్యి అద్ది వచ్చారు. నేను వంతు ప్రకారం కాదనే అద్దాను. నా ఒక్క ఓటుతో ఏమౌతుందిలే అనుకున్నాను.

మూడింట రెండొంతులు కాదు కదా, సగం కూడా రాలేదు. "చర్చ: అత్యుత్తమం. తీర్మానం వీగిపోయింది" అంది ధర్మకాటా.

పుబ్బ కార్తె

ఊరంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "నేను ఓబులేసుకే వేసినా వదినా." "మా ఇంట్లో అందరం బతికియ్యాలనే అద్దినాం." ఈ లెక్కన వాడు ఇప్పటికి రెండుసార్లు బతికుండాలి.

దస్తగిరన్న ఒక్కడే వాకిట్లో నిలబడి నిజం చెప్పాడు. "నా కొడుకును నా చేత్తోనే సంపుకుంటి సుంకులమ్మా. ఇప్పుడు నీ మొగుడు బతికే ఉండాడంటే, నా చెయ్యి ఏమైపోవాల? నువ్వు సభలో అడిగింది గూడా అదే కదా." తిట్టాలని చూస్తే తిట్టు దొరకలేదు. దస్తగిరన్న మీద కోపం వస్తే బాగుండు. నా మీదే వస్తోంది.

ఈరమ్మత్త ఎటు అద్దిందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

మొన్న మద్దిలేటి మామ తల దించుకుని వచ్చాడు. మా ఇంట్లో ముగ్గురి నీళ్ళు నలుగురు తాగుతున్నారని ధర్మకాటాకు తెలిసిపోయింది. మణికట్టు పట్టీలు వింటాయట. సభ్యులు కానివాళ్ళకు నీళ్ళు మళ్ళిస్తున్నారని ఊరందరికీ మార్కులు కోస్తానంది. "నేను పొమ్మనలేదు. మీరే ఆలోచన చేసుకోండి" అన్నాడు. ఓబులేసు నులకమంచం మీద నుంచి అంతా విన్నాడు.

"మామ పోయినంక చెప్తా అనుకుంటి గానీ, ఆయన ముందే చెప్తా. సుంకులు బాగా మాట్లాడింది. నాకు ఓటుంటే నేను గూడా దాని మాటకే వేసుంటి" అన్నాడు.

ఎగతాళి చేశాడేమోనని మొహం చూశాను. ఎగతాళి లేదు.

ఈ రోజు మారిట్ షీల్డు తెచ్చింది. ఆదర్శ సభ అట. పదకొండు దేశాల జెండాలు చెక్కిన షీల్డు. చర్చల్లోని నా రెండు ఉపన్యాసాలనూ వేరే ఊళ్ళలో పాఠంగా వినిపిస్తారట. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. గొంతుపట్టీ తీసేసి వాళ్ళ భాషలో ఏదో అంది. నాకు అర్థం కాలేదు, అర్థం కావాలని కూడా అనిపించలేదు.

మధ్యాహ్నం నీళ్ళ వంతు. నేను బిందె పెట్టాను. ధార మొదలైంది. అప్పుడు ఓబులేసు ఇంట్లోంచి బయటికి వచ్చాడు. ఈరమ్మత్త అటక మీది చాప దించి, తాడు విప్పకుండానే వాడి భుజం మీద పెట్టింది. "ఎండకు కప్పుకో నాయనా" అంది. ఎక్కడికి పోతాడో ఎవరూ అడగలేదు. గట్టు అవతల ఏ సభలోనూ వాడి పేరు లేదు, అన్ని కుళాయిలూ వాణ్ణి మృతుడనే పలుకుతాయి.

వరసలో అందరూ నిలబడి ఉన్నారు. ఎవరి చోటు వాళ్ళు వదల్లేదు. వాడు గట్టెక్కి, "సుంకులూ" అని పిలిచాడు.

నా చేతులు బిందె మీదున్నాయి. ఇంకా సగమే నిండింది. ఇంట్లో గ్లాసెడు నీళ్ళు లేవు. వాడు బిందె వైపు చూసి, చెయ్యి ఊపి, "నిండనీలే" అన్నాడు.

నిండేదాకా నిలబడ్డాను. బిందె చంకనెత్తుకుని తల ఎత్తి చూస్తే గట్టు మీద ఎవరూ లేరు.

ఇంటికి వచ్చి ముందు నీలకు పోశాను. తాగి మూతి తుడుచుకుని, "నాయన మళ్ళా వస్తాడా?" అంది. ఆ పిల్లకు వాడు అలవాటయ్యాడు, నిన్ననే వాడి వీపు మీద నిద్రపోయింది. వస్తాండాడు అని చెప్పాలి. పలకకపోతే వాడు దారి మరిచిపోతాడు. పట్టీ ఉన్న చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాను, పైన కొంగు కూడా చుట్టాను. అయినా వింటుందేమోనని, రేపు ధార సన్నబడుతుందేమోనని భయమేసింది.

"ఇంగో గ్లాసు తాగుతావా?" అని అడిగాను.